అంబాజీపేట పిల్లి, నేను పారేయించిన ప్లేటు

2012 వేసవిలో ఒక సోమవారం సాయంత్రం బాక్టీరియా పెంచిన ప్లేటు ఒకటి పారేయించాను. అందులో ఏముందో అప్పుడూ తేల్చలేదు, ఇప్పుడు తేల్చే వీలూ లేదు. 121 డిగ్రీల ఆవిరిలో పదిహేను నిమిషాలు ఉడికాక ఏ బాక్టీరియా అయినా ఒకటే గంజి.

నేను మైక్రోబయాలజిస్టుని. పందొమ్మిదేళ్ళుగా చీము, కఫం, మూత్రం, రక్తం చూసుకుంటూ బతుకుతున్నాను. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తున్నావమ్మా" అని అడిగితే "ల్యాబులో" అని ఊరుకుంటాను. విస్తళ్ళ ముందు అంతకు మించి వివరం మంచిది కాదు. అయితే ఈ ప్లేటు సంగతి మాత్రం ఈమధ్య ఎవరు దొరికితే వాళ్ళకి చెప్తున్నాను. మావారు ఆరోసారి విన్నాక "బ్లాగులో రాసుకో, నన్నొదిలేయ్" అన్నారు. అదీ కథ.

అప్పట్లో గోదావరి జిల్లాల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పని చేసేదాన్ని. పేరెందుకులెండి. శనివారం సాయంత్రం సర్జికల్ వార్డు నుంచి ఒక స్వాబ్ వచ్చింది. ఎండిపోయిన స్వాబ్, అప్పటికే రెండు డోసులు యాంటీబయాటిక్ పడిన గాయం. ఫారం మీద "కాటు - పిల్లి - కుడి చెయ్యి" అని ఉంది. చీముని సిరంజిలో పీల్చి పంపండి బాబూ, దూది పుల్లతో రాసి పంపితే సగం పుల్లకే అంటుకుపోతుంది అని సర్జన్లకి చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది. అది వేరే గొడవ.

పేషెంటు అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారి, అరవై దాటిన మనిషి. కొబ్బరికాయల్ని అటక మీద నెలల తరబడి ఉంచి కురిడీ చేస్తారు కదా, ఆ అటక మీద గోనెసంచుల వెనక పిల్లి పిల్లల్ని పెట్టింది. ఈయన చూసుకోకుండా చెయ్యి పెట్టాడు. చిటికెనవేలి మీద రెండు, అరచేతి అంచున ఒకటి, మొత్తం మూడు గాట్లు. సూది గుచ్చినంత. ఇంట్లో పసుపూ సున్నం కలిపి పట్టించారు. ఆరెంపీ డాక్టరు టీటీ ఇంజక్షన్ పొడిచి కట్టు కట్టాడు. మర్నాటికి మోచేతి దాకా ఎర్రగా పాకి, వేలు బూరెలా పొంగింది.

పిల్లి కాటులో మోసమంతా అక్కడే ఉంది. కుక్క కరిస్తే కండ చీరుకుపోతుంది, చూడ్డానికి ఘోరంగా ఉంటుంది, కడుగుతారు, పరిగెత్తుతారు. పిల్లి పళ్ళు సన్నం, పదును. లోపలికి దిగి, వేలి కండర స్నాయువు చుట్టూ ఉండే తొడుగు దాకా బాక్టీరియాని మోసుకెళ్ళి వదిలి బయటికొచ్చేస్తాయి. పైన చర్మం త్వరగానే మూసుకుంటుంది. అంటే ఇంజక్షన్ ఇచ్చినట్టే, మందుకి బదులు పిల్లి ఉమ్మి. మనవాళ్ళకి కాటు అనగానే రేబిస్ ఒక్కటే గుర్తొస్తుంది. మా నాయనమ్మ కాలంలో బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్ల భయం ఇంకా ఎముకల్లో ఉంది. రేబిస్ టీకా పడిందంటే గండం గడిచినట్టే అనుకుని ఇంటికెళ్ళిపోతారు. టీకా తప్పకుండా పడాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆ రాత్రికి వేలు వాచేది రేబిస్ వల్ల కాదు.

ఆదివారం నేనే డ్యూటీ. ముందు స్లైడు. వయొలెట్ పోసి, అయొడిన్ పోసి, స్పిరిట్‌తో కడిగి, సాఫ్రనిన్ వేసి చూస్తే రెండు రకాలు. ఒకటి గులాబి రంగు పొట్టి కడ్డీలు. రెండోది వంకాయ రంగు గుండ్లు, ఆవగింజలు దారానికి గుచ్చినట్టు చిన్న చిన్న గొలుసులు. బ్లడ్ అగార్ ప్లేటు (రక్తం కలిపిన జెల్లీ) మీద బూడిదరంగు కాలనీలు, అంటే బాక్టీరియా గుంపులు, బాగానే వచ్చాయి, మూత తియ్యగానే ఎలుకలు తిరిగిన కొట్టు వాసన. మెకాంకీ అనే ఇంకో రకం జెల్లీ ప్లేటు మీద ఏమీ రాలేదు. గ్రామ్ నెగటివ్ (ఆ రంగుల్లో గులాబిగా తేలే) కడ్డీ అయ్యుండి, మెకాంకీ మీద పెరగక, పెన్సిలిన్ బిళ్ళ చుట్టూ ఇంత వెడల్పున చచ్చిందంటే, పైగా పిల్లి కాటు అంటే, అది పాశ్చురెల్లా. ఇందులో నా గొప్పేం లేదు, పిల్లి కాటులో పాశ్చురెల్లా దొరకడం సాంబారులో ములక్కాడ దొరకడం లాంటిది.

సోమవారం పొద్దున ప్లేటుని కిటికీ దగ్గర వాల్చి పట్టుకుంటే, ఆ బూడిదరంగు కాలనీల మధ్య సందుల్లో గుండుసూది మొనంత చుక్కలు. చుట్టూ లేత పచ్చటి మసక. గొలుసు గుండ్లు ఇవేనన్నమాట. హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేశాను, బుడగలు రాలేదు, అంటే స్టెఫైలోకాకస్ కాదు. స్ట్రెప్టోకాకస్ విరిడాన్స్ అయ్యుంటుందని ఉప్పు బ్రాత్‌లో (ఉప్పు కలిపిన పోషక ద్రవం) వేశాను. ఆరున్నర శాతం ఉప్పు, ఆవకాయ ఊట లాంటిది, విరిడాన్స్ అందులో బతకదు. ఇది సాయంత్రానికల్లా మబ్బు పట్టించేసింది. ఎంటరోకాకస్ అందామంటే బైల్ ఎస్కులిన్ ట్యూబు నల్లబడాలి, నల్లబడలేదు.

పరీక్షలు ఒకదానికొకటి పొసగనప్పుడు రెండు దారులుంటాయి. ఒకటి, పరీక్ష తప్పు చేశాననుకుని మళ్ళీ చెయ్యడం. రెండు, నా పుస్తకంలో లేనిది ఏదో ఉందనుకోవడం. నేను మూడో దారి పట్టాను. రిపోర్టు కౌంటర్ నుంచి మూడుసార్లు ఫోను వచ్చింది. "పాశ్చురెల్లా దొరికిందిగా మేడం, ఇంకేం కావాలి, వాళ్ళబ్బాయి ఇక్కడే నిలబడ్డాడు." నిజమే, పేషెంటుకి మందు మారేది లేదు. "విరిడాన్స్ గ్రూపు స్ట్రెప్టోకాకస్, చర్మం మీది కాలుష్యం కావచ్చు" అని ఒక లైను రాసి సంతకం పెట్టాను. ఉప్పు బ్రాత్ సంగతి ఎక్కడా రాయలేదు. ఆయా వచ్చి "ఇయ్యి తీసెయ్యనా అమ్మా" అంటే తలూపాను.

ఆయన మూడు వారాలకి ఇంటికెళ్ళాడు. చిటికెనవేలు మాత్రం మళ్ళీ నిటారుగా చాపలేకపోయాడు.

పదకొండేళ్ళు గడిచాయి. ఊళ్ళు మారాను, ఉద్యోగాలు మారాను. 2023 ఆగస్టులో రాత్రి భోజనాలయ్యాక ఫోనులో ఎమర్జింగ్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రిక తిరగేస్తుంటే ఒక చిన్న కేసు కనబడింది. ఇంగ్లండులో, 48 ఏళ్ళ మనిషి, ఆరోగ్యవంతుడు, వీధిపిల్లి చాలాచోట్ల కరిచింది. ఎనిమిది గంటల్లోనే చేతులు వాచి ఎమర్జెన్సీకి వచ్చాడు. గాయాలు శుభ్రం చేసి, టెటనస్ టీకా వేసి, యాంటీబయాటిక్ రాసి పంపారు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఎడమ చిటికెనవేలూ కుడి మధ్యవేలూ పొంగిపోయి ఉన్నాయి, ముంజేయి ఎర్రబడింది. ఆపరేషను చేసి చెడిన కండ తీసేసి, నరం ద్వారా మందులెక్కించారు. పూర్తిగా కోలుకున్నాడు. ఇంతవరకూ రోజూ జరిగేదే.

తర్వాత వాక్యం దగ్గర నా చెయ్యి ఆగింది. ల్యాబులో స్ట్రెప్టోకాకస్‌ని పోలిన గొలుసు గుండ్లు పెరిగాయట. యంత్రం గుర్తుపట్టలేకపోయిందట. వాళ్ళు పారేయలేదు. జీనోము, అంటే దాని జన్యు అక్షరాలన్నీ, మొత్తం చదివించారు. తేలిందేమిటంటే అది గ్లోబికాటెల్లా అనే ప్రజాతికి చెందినది, కానీ అందులో అప్పటిదాకా తెలిసిన ఏ జాతీ కాదు.

గ్లోబికాటెల్లా. "చిన్న గుండ్ల గొలుసు" అనే అర్థం వచ్చేలా 1992లో కూర్చిన లాటిన్ పేరు. మొదటిది సాంగ్వినిస్, మనుషుల రక్తంలో దొరికింది. 2001లో రెండోది చేరింది, సల్ఫిడిఫేసియెన్స్. దూడల్లో, గొర్రెల్లో, పందుల్లో దొరికింది, గంధకపు వాయువు పుట్టిస్తుంది కాబట్టి ఆ పేరు. అప్పటికి అంతే, రెండే రెండు. ఈ ప్రజాతివాళ్ళు ఆరున్నర శాతం ఉప్పులో హాయిగా పెరుగుతారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే అతిశయోక్తి. పట్టింది. కానీ కలలో, ప్లేట్లని ఆవిరిలో ఉడికించే ఆటోక్లేవ్ మూత తియ్యడానికి ప్రయత్నిస్తున్నాను.

నేను పారేయించింది అదేనని అనడం లేదు. ఉప్పులో పెరిగే గొలుసు గుండ్లు ఇంకా చాలా ఉన్నాయి, ఏరోకాకస్ ఉంది, మరొకటుంది. నా బాధ అది కాదు. వాళ్ళ చేతిలో ఉన్నదీ నా చేతిలో ఉన్నదీ ఆ ఒక్క క్షణంలో ఒకటే. పొసగని పరీక్ష, నిలబడి ఉన్న పేషెంటు బంధువు, సరిపోయే మందు అప్పటికే దొరికిన రిపోర్టు.

కొత్త జాతి అని ఎలా తేలుస్తారని మావారు అడిగారు (రెండోసారి చెప్పినప్పుడు, అప్పటికింకా ఆసక్తి ఉండేది). ఇప్పుడు పెద్ద ల్యాబుల్లో మాల్డీ టాఫ్ అనే యంత్రం ఉంటుంది. కాలనీని పుల్లతో తీసి స్టీలు పలక మీద రాసి, పైన ఒక రసాయనం చుక్క వేసి ఆరబెడతారు. లోపల లేజరు కొడితే బాక్టీరియా ప్రొటీన్లు ఆవిరై గాలిలేని గొట్టంలో పరిగెత్తుతాయి. తేలికవి ముందు, బరువువి వెనక. ఏది ఎంతసేపట్లో చేరిందో చూసి గీతల వరస గీస్తుంది. ఆ వరసని తన దగ్గరున్న వేల వరసలతో పోల్చి మార్కులేస్తుంది. బాగా వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో మార్కు రెండు దాటితే జాతి పేరు నమ్మొచ్చు, 1.7 కంటే తక్కువైతే ఏమీ నమ్మకూడదు. ఆధార్ సెంటర్లో వేలిముద్ర పెట్టినట్టే. పేరు ఎక్కినవాణ్ణి రెండు నిమిషాల్లో చెప్తుంది, ఎక్కనివాణ్ణి ఎన్నిసార్లు వేలు నొక్కించినా చెప్పలేదు. ముచ్చటేమిటంటే ఆ యంత్రం ఒక మేలు చేసింది. నాలాంటివాళ్ళు "విరిడాన్స్ అయ్యుంటుందిలే" అని సర్దుకునేచోట అది మొహమాటం లేకుండా "గుర్తింపు లేదు" అని ఎర్రగీత పెడుతుంది.

అప్పుడు 16 ఎస్ జీను. ప్రతి బాక్టీరియాలోనూ ఉండే దాదాపు 1,500 అక్షరాల ముక్క. ప్రొటీన్లు తయారు చేసే రైబోసోముకి అది అవసరం కాబట్టి మెల్లగా తప్ప మారదు. తెలిసిన జాతులతో పోలిస్తే పోలిక సుమారు 98.7 శాతం కంటే తగ్గిందంటే కొత్తది అయ్యుండే అవకాశం గట్టిగా ఉంది. అయితే దగ్గర చుట్టాల మధ్య ఈ ముక్క సరిపోదు. అన్నదమ్ముల పిల్లల్ని ముక్కు చూసి విడదీసినట్టుంటుంది. అందుకే చివరికి జీనోము మొత్తం చదివించి, రెండిటినీ పక్కపక్కన పెట్టి సగటున ఎన్ని అక్షరాలు కలిశాయో చూస్తారు. 95, 96 శాతం కలిస్తే ఒకే జాతి. అంటే ఐదు శాతం తేడా వస్తే వేరు కాపురం పెట్టినట్టు. ఇంగ్లండు పిల్లి నోటి గొలుసుకి, దాని దగ్గరి చుట్టం సల్ఫిడిఫేసియెన్స్‌కి తేడా ఇరవై శాతం చిల్లర.

ఇంత చేసినా పేరు రాదు. అధికారికంగా పేరు పెట్టాలంటే ఆ బాక్టీరియా ప్రాణంతో, రెండు వేర్వేరు దేశాల్లో ఉన్న రెండు భాండాగారాల్లో జమ కావాలి. ఎవరడిగినా ఒక ముక్క తీసి ఇవ్వగలగాలి. మన దేశంలో చండీగఢ్‌లో ఉంది అలాంటిది. అంటే మొత్తం చదువంతా ఒక చిన్న పని మీద నిలబడి ఉంది. ఎవరో ఒకరు మొదటిరోజు దాన్ని చంపకుండా దాచడం.

దాచినవాళ్ళ కథల్లో నాకు బాగా నచ్చేది కుక్కకాటుది. 1976లో అమెరికాలో ఇద్దరు డాక్టర్లు ఒక పేషెంటు గురించి రాశారు. వరసగా రెండు రోజులు రెండు కుక్కలు కరిచాయతన్ని. రక్తం విషమెక్కి, మెదడు పొరలకీ పాకింది. దొరికిన గ్రామ్ నెగటివ్ కడ్డీకి పేరు లేదు. మరుసటేడు ఇంకో బృందం అలాంటివే 17 కేసులు జమచేసి, మనుషులకి ఇది కొత్త జబ్బు అని ప్రకటించింది. అంత త్వరగా అన్ని కేసులు ఎక్కణ్ణుంచి వచ్చాయంటారా? అట్లాంటాలో వాళ్ళ వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ, ఉంది. దేశంలో ఏ ల్యాబుకి అంతుపట్టనిది దొరికినా అక్కడికి పోస్టులో పంపేవాళ్ళు. వాళ్ళు వాటికి నంబర్లేసి బీరువాలో పెట్టుకునేవాళ్ళు. దీనికి "డీఎఫ్-2" అని పెట్టారు. మెల్లగా, అయిష్టంగా పెరుగుతుంది అని ఆ అక్షరాల భావం. పదమూడేళ్ళు ఆ కోడు మీదే బతికింది. 1989లో పేరొచ్చింది, కాప్నోసైటోఫాగా కేనిమోర్సస్. కాప్నోసైటోఫాగా అంటే కార్బన్ డయాక్సైడ్ తినేది, కేనిమోర్సస్ అంటే కుక్కకాటు. ప్లీహం తీసేసినవాళ్ళకి, బాగా తాగేవాళ్ళకి ఇది ప్రాణాంతకం. కుక్క నోట్లో మాత్రం నిమ్మళంగా కాపురముంటుంది.

ఆ బీరువాలోంచి ఒక్కొక్కటే పేర్లతో బయటికొచ్చాయి. పేర్లన్నీ కాట్లూ పుళ్ళే. పాశ్చురెల్లా డాగ్మాటిస్, గ్రీకులో కాటు. నైసీరియా జూడెగ్మాటిస్, జంతువు కాటు. బెర్గియెల్లా జూహెల్కమ్, జంతువు చేసిన పుండు. కుక్కకాట్లలో దొరికే ఎం-5 అనే కోడుకి మాత్రం 1993లో నైసీరియా వీవరీ అని పెట్టారు, సీడీసీలో ఇలాంటి అనామకులతో కుస్తీ పట్టిన రాబర్ట్ వీవర్ పేరు మీద. మనిషికి విగ్రహం కంటే అదే నయం, కాకులు వాలవు.

ఈ డీఎఫ్-2 మన ల్యాబుల్లో ఎందుకు అరుదుగా కనబడుతుందని జూనియర్లు అడుగుతుంటారు. మన కుక్కలు మంచివని కాదు. దానికి కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఆ వాయువు ఎక్కించే ఇంక్యుబేటరు లేని చోట కొవ్వొత్తి జాడీ పెడతాం. వెడల్పు మూతి గాజు జాడీలో ప్లేట్లు పేర్చి, పైన పొట్టి కొవ్వొత్తి వెలిగించి, మూత అంచుకి వాజలిన్ రాసి బిగిస్తాం. మంట కాసేపటికి తనంతట తనే ఆరుతుంది. అప్పటికి లోపల మూడు శాతం దాకా ఆ వాయువు చేరుతుంది. అది కుదిరినా రెండో రోజుకి రిపోర్టు ఇచ్చేస్తాం, ఈ పురుగు మూడో రోజుకో నాలుగో రోజుకో కనబడుతుంది. పైగా అప్పట్లో మా బ్లడ్ అగార్‌లో గొర్రె రక్తం కాదు, బ్లడ్ బ్యాంకులో గడువు దాటిన మనిషి రక్తం. అందులో మందులుంటాయి, యాంటీబాడీలుంటాయి. మొండివి పెరుగుతాయి, సుకుమారాలు చస్తాయి. వెతకనిది లేదని రాసుకుంటూ పోతాం.

ఒక లెక్క చెప్తాను. 1999లో అమెరికాలో 18 ఎమర్జెన్సీ విభాగాలు కలిసి 50 కుక్కకాట్లు, 57 పిల్లికాట్లు, అన్నీ చీము పట్టినవే, ఓపిగ్గా పరీక్షించాయి. ఒక్కో గాయంలో మధ్యరకంగా ఐదు రకాల బాక్టీరియా దొరికాయి. పిల్లికాట్లలో నూటికి డెబ్భై అయిదింట పాశ్చురెల్లా ఉంది. ఐదు రకాలు! మేము ఒకటి రాసి సంతకం పెడతాం.

హైదరాబాదు సంగతొకటి చెప్పకపోతే మనసొప్పదు. 2005లో అక్కణ్ణుంచి ఒక బెలూను ఎగరేసి 41 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి పట్టి తెచ్చారు. అందులో పెరిగిన వాటిల్లో మూడు కొత్త జాతులని 2009లో అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట్టు పేరు, ఒకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ పేరు. ఆ వార్త చదివినప్పుడు నేను కూడా గర్వంగా కటింగు దాచుకున్నాను. ఆకాశంలోంచి తెచ్చినదాన్ని అంత భద్రంగా చూసుకున్న రాష్ట్రంలోనే మూడేళ్ళ తర్వాత అటక మీంచి దిగినదాన్ని ఆటోక్లేవ్‌లో పడేయించాను.

ఇప్పుడు నా దగ్గరొక డబ్బా ఉంది. ఇరవై శాతం గ్లిజరిన్ కలిపిన బ్రాత్‌లో, చిన్న ప్లాస్టిక్ వయల్స్. మైనస్ ఎనభై ఫ్రీజర్ మా ల్యాబుకి లేదు, మైనస్ ఇరవైలోనే ఒక మూల. కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు దాకా నడిచి చూసొస్తాను. డబ్బా మీద మా టెక్నీషియను అమ్మాయి స్కెచ్ పెన్నుతో "అనాథలు" అని రాసింది. నేను దాన్ని కొట్టేసి "బంధువులు రావలసినవాళ్ళు" అని రాశాను. మొన్నటిదాకా ముప్ఫై ఒకటి. కోతికాటువి మూడు, పందికాటుది ఒకటి, చేప ముల్లు దిగినవి రెండు, మిగతావి కుక్కలూ పిల్లులూ. ప్రతిదాని పక్కన పుస్తకంలో ఏ పరీక్ష పొసగలేదో రాస్తాను. రిపోర్టులో కూడా రాస్తున్నాను, "గుర్తింపు తేలలేదు, నిల్వ చేశాం" అని. మొదట్లో డాక్టర్లు ఫోను చేసి విసుక్కునేవారు. ఇప్పుడు ఒకరిద్దరు వాళ్ళే "అమ్మా, ఆ తేలనిది తేలిందా" అని అడుగుతున్నారు.

మొన్న మాఘమాసంలో మా ఆడపడుచు కూతురి పెళ్ళికి అంబాజీపేట వెళ్ళాను. పెళ్ళి తెల్లవారుజామునే అయిపోయింది. మధ్యాహ్నం ఊరికే ఉండలేక ఆ కొబ్బరి వ్యాపారి ఇల్లెక్కడని వాకబు చేశాను. ఊళ్ళో "వంకరవేలు షావుకారు" అంటే చిన్నపిల్లాడు కూడా చూపించాడు. నాకు సిగ్గేసింది.

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ఫలానా ఆసుపత్రి ల్యాబు అని చెప్తే "ఆయ్, మీరాండీ డాక్టరమ్మగారూ, కూర్చోండి కూర్చోండి" అని బొండం కొట్టించాడు. వేలు చూపించాడు. కొక్కెంలా వంగి ఉంది. "ఏం పర్లేదండీ, దీనికి సంచి తగిలించుకుంటానండి, మిగతా వేళ్ళకి లేని సుఖం" అని నవ్వాడు.

"ఆ పిల్లి ఏమైందండీ?" అన్నాను.

"ఎప్పుడో పోయిందండి. దాని మనవలూ మునిమనవలూ ఉన్నాయి కదండీ. ఇప్పటికీ ఆ అటక మీదే పెడతన్నాయండి పిల్లల్ని. ఎలకలకి అవే దిక్కు."

నోట్లో బాక్టీరియా తల్లి నాకడంతో పిల్లలకి వస్తుంది. ప్లేటు ఉడికిపోయింది గానీ, అది వచ్చిన ఇల్లు ఉడికిపోలేదు. ఈ ముక్క నాకు పన్నెండేళ్ళ పాటు ఎందుకు తట్టలేదో!

బ్యాగులో స్వాబ్‌లు ఎప్పుడూ ఉంటాయి, నవ్వకండి, కొందరి బ్యాగులో తమలపాకులుంటాయి. రేబిస్ టీకా ముందే వేయించుకున్న మనిషిని. ఆయన మనవణ్ణి దగ్గరికి రావొద్దని గట్టిగా చెప్పి, వంటింట్లోంచి నాలుగు మెత్తళ్ళు పట్టుకుని నిచ్చెన ఎక్కాను. పట్టుచీరతో. సంచుల వెనక బూడిదరంగుది ఒకటి, దాని పక్కన మూడు నెలల కూన. తల్లి బుస్సుమంది. కూనకి ఎండుచేప వాసన తగిలి నోరు తెరిచింది, స్వాబ్ చిగురు మీద ఒక్కసారి తిప్పి తీసేశాను. పంజా చేతిగ్లౌజు మీద పడింది, చర్మం దాకా రాలేదు. పెళ్ళికూతురి మేనమామ భార్య అటక మీద ఏం చేస్తోందో చూడ్డానికి కింద పదిమంది పోగయ్యారు.

స్వాబ్‌ని జెల్లీ ట్యూబులో పెట్టి, రావులపాలెం మీదుగా కారులో రాజమండ్రి. రాత్రి తొమ్మిదింటికి ల్యాబు తాళం తీయించి, గొర్రె రక్తం ప్లేటు మీద గీసి, జాడీలో పెట్టి కొవ్వొత్తి వెలిగించాను. పెళ్ళివారి కారు డ్రైవరు ఇది ఏం పూజ అనుకున్నాడో.

మర్నాటికి ప్లేటు నిండా బూడిదరంగు, అదే ఎలుకల కొట్టు వాసన. మూత పెట్టేసి వదిలేశాను. మూడో రోజు కిటికీ దగ్గర వాల్చి చూస్తే గీత చివర్లో, పాశ్చురెల్లా పలచబడ్డ చోట, గుండుసూది మొనంత చుక్కలు నాలుగు రకాలు. విడదీయడానికి వారం పట్టింది. రెండు రకాలు వంకాయ రంగు గొలుసులు. ఒకటి ఉప్పు బ్రాత్‌లో చచ్చింది. ఒకటి మబ్బు పట్టించింది. ముప్ఫై రెండో వయల్. హైదరాబాదులో మాల్డీ ఉన్న ల్యాబులో నా క్లాస్‌మేటు ఉంది, ఐసు పెట్టెలో పంపాను. ఈ నెలాఖరులోగా చూస్తానంది.

నిన్న సాయంత్రం షావుకారుగారు ఫోను చేశారు. "మా పిల్లికి రోగమేమన్నా ఉందాండీ డాక్టరమ్మగారూ?"

"లేదండీ. దాని నోట్లో ఉండాల్సినవే ఉన్నాయి."

"మరి నాకెందుకలా అయ్యిందండీ?"

"అవి మీ వేల్లో ఉండాల్సినవి కాదు కదండీ."

"ఆయ్" అన్నాడాయన. కాసేపాగి, "ఈసారి చెప్పి రండి. పెద్దదాన్ని బుట్టకింద పెట్టించి ఉంచుతానండి."